తెల్ల విమానం, సిందూరపు మరక

"మనిషి కనబడక మూడు రోజులైంది. మీరేమో పెట్టె కోసం వెతికిస్తున్నారు. ఇదెక్కడి న్యాయం అఖిలేష్ గారూ?"

అఖిలేష్ నవ్వాడు. వనపర్తిలో సెకండ్‌హ్యాండ్ కార్ల దుకాణంతో మొదలుపెట్టి, సెకండ్‌హ్యాండ్ విమానాల దాకా ఎదిగిన మనిషి. ఆ నవ్వుతోనే ఎదిగి ఉంటాడు. నాకు మాత్రం ఒళ్లు మండింది. టీ చుక్క కూడా గొంతులో పోసుకోకుండా గద్వాలలో బండి తీసి, తిమ్మాజిపేట అవతల ఉన్న ఈ ప్రైవేటు రన్‌వే దాకా వచ్చింది ఇతగాడి పళ్లు చూడటానికి కాదు.

గోడ గడియారం తొమ్మిదిన్నర చూపిస్తోంది. పదకొండు ఇరవైకి ముహూర్తం. ఆ ముహూర్తానికి పక్క షెడ్డులో ఉన్న తెల్ల విమానం కొత్త యజమానురాలిని ఎక్కించుకుని బెంగళూరు వెళ్లిపోతుంది. ఆ వెంటనే షెడ్డుకు తాళం పడుతుంది. తర్వాత కనబడకుండా పోయిన స్టీఫెన్ గురించి అడగడానికి ఇక్కడ పిట్ట కూడా ఉండదు.

స్టీఫెన్ భార్య రేఖ నిన్న మధ్యాహ్నం నేను డిటెక్టివ్‌నని విని వడ్డేపల్లి నుంచి బస్సెక్కి మా ఇంటికి వచ్చింది. చంకలో రెండేళ్ల పిల్ల. కూర్చోమంటే కూర్చోలేదు.

"నా మొగడు దొంగ కాదక్కా. పెట్టె ఎత్కపోయిండని ఇంటి మీదికొచ్చి ఒకటే లొల్లి. పెట్టె దొరికితే వాళ్లకు చాలు. నాకు మనిషి గావాలె. మనిషిని తెచ్చియ్యి అక్కా."

తెచ్చిస్తానని మాటిచ్చాను. మాటిచ్చేటప్పుడు బాగానే ఉంటుంది. అప్పటినుంచి కాళ్లు ఒకచోట నిలవడం లేదు.

"మేడం, నేనూ అదే అంటున్నా," అన్నాడు అఖిలేష్. "మనిషి దొరికితే పెట్టె దొరుకుతుంది. కాక్‌పిట్‌లో ఉండే కంప్యూటర్ పెట్టె అది. అది లేకపోతే విమానం లేవదు. సరిగ్గా డెలివరీ ముందు అది పట్టుకుని మాయమయ్యాడంటే ఏమనుకోవాలి? బెంగళూరు షెడ్డులో ఎనిమిదేళ్లు పనిచేశాడని నమ్మి పిలిపించాను."

"ఏ పనికి పిలిపించారు?"

"చిన్నాచితకా పనులు. సీట్లు, కార్పెట్లు, పాలిష్."

"ఎనిమిదేళ్లు పనిచేసిన టెక్నీషియన్‌ని బెంగళూరు నుంచి కార్పెట్ పరవడానికి పిలిచారా?"

 అఖిలేష్ టేబుల్ మీది పెన్ను తీసి మళ్లీ అక్కడే పెట్టాడు.

"విమానం ఎప్పుడు వచ్చింది?"

"పోయిన మంగళవారం. బెంగళూరు నుంచి ఎగురుకుంటూ వచ్చి ఈ రన్‌వే మీదే దిగింది."

"ఎవరు చూశారు?"

"ఆకాశంలో వచ్చేదాన్ని ఎవరైనా చూస్తారు మేడం."

"చూస్తే ఊరుకోరుగా. ఇక్కడి నాలుగు ఊళ్ల వాట్సాప్ గ్రూపులు తిరగేయించాను. టిఫిన్ సెంటర్లో కోతి దూరిన వీడియో ఉంది. ఎవరిదో ట్రాక్టర్ బురదలో దిగబడితే దానికి మూడు వీడియోలున్నాయి. విమానం దిగిన వీడియో ఒక్కటి లేదు. తిమ్మాజిపేటలో విమానం దిగితే ఒక్కడు కూడా ఫోను ఎత్తలేదా?"

"పని రోజు గదా. అందరు చేన్లల్ల ఉంటరు."

భాష జారింది. అప్పటిదాకా పుస్తకంలా మాట్లాడిన మనిషి ఒక్కసారిగా వనపర్తికి వచ్చేశాడు. ఇలాంటి జారుడు కోసమే నేను ప్రశ్నలు అడిగేది.

"చేన్లలో ఫోన్లుండవా?"

"ఈ వ్యాపారం మీకు తెల్వదు మేడం." గొంతు సవరించుకుని మళ్లీ సర్దుకున్నాడు. "కొత్తది కావాలంటే కంపెనీవాళ్లు రెండేళ్లు ఆగమంటారు. అందుకే పాతవాటికి ఇంత గిరాకీ. అందులోనూ ఇలాంటివి, మరీ చిన్నవీ కావు, మరీ పెద్దవీ కావు. ఎనిమిది సీట్లు, ఢిల్లీ దాకా ఆగకుండా పోతుంది. ఇవి బజార్లోకి వచ్చిన వారానికే అమ్ముడుపోతాయి. కొనేవాడు చూసేది ఒక్కటే. ఒంటి మీద దెబ్బ ఉందా లేదా అని. ఒక్కసారి నేలకు గట్టిగా కొట్టుకున్న విమానమని తెలిస్తే సగం ధరకు కూడా ఎవడూ ముట్టుకోడు. నాది అలాంటిది కాదు. రెక్క విప్పిన చరిత్ర కూడా లేదు దీనికి."

నేను రెక్కల మాట ఎత్తలేదు.

"కొనేముందు తనిఖీ చేయించరా?"

"చేయిస్తారు. మూడు వారాలు పడుతుంది. రేపటి నుంచి మూఢం. మూఢంలో కొత్త బండి తీయనంటే తీయనన్నారు ధనలక్ష్మమ్మ. అంత నమ్మకం నా మీద. నేను కూడా అదే విమానంలో బెంగళూరు వస్తున్నా. ఇంకేం గ్యారంటీ కావాలి?"

ధనలక్ష్మి గద్వాలలో పత్తి విత్తనాల కంపెనీ యజమానురాలు. రెండేళ్ల కిందట ఆవిడ కంపెనీ పేరుతో నకిలీ విత్తనాలు అమ్ముతున్నవాళ్లను పట్టిచ్చింది నేనే. ఆ చనువుతోనే పొద్దున ఫోన్ చేసి, షెడ్డు ఒకసారి చూస్తానన్నాను. ముహూర్తం దాకా చూసుకో తల్లీ, అంది. కాబట్టే అఖిలేష్ నన్ను గెంటేయలేక ఇంతసేపు భరించాడు.

"చూద్దాం పదండి మీ దెబ్బ తగలని విమానాన్ని," అంటూ లేచాను.

ఆఫీసు గది పక్కనే ఇంకో గది ఉంది. తలుపుకి బయట గొళ్లెం పెట్టి ఉంది. అఖిలేష్ దానికి అడ్డంగా నడిచాడు. ఆ నడక గుర్తుపెట్టుకోవలసింది.

షెడ్డులో విమానం కొత్త పెళ్లికూతురిలా మెరుస్తోంది. ఆ మెరుపు సంగతి నాకు తెలుసు. పదేళ్లు ఇన్సూరెన్స్ కంపెనీలో యాక్సిడెంట్ బండ్లు చూశాను. మరీ మెరిసే బండిని ముందు కిందినుంచి చూడాలి. చీర కొంగు నడుముకు దోపి, వంగి రెక్క కిందికి దూరాను.

రంగు అంతటా ఒకేలా లేదు. రెక్క వచ్చి ఒంటికి కలిసేచోట ఒక పట్టీ మేర పచ్చి వాసన కొడుతోంది. మిగతా ఒంటికి ఆ వాసన లేదు. అక్కడే అరచేతి వెడల్పున చిన్న మూత ఉంది. ఎనిమిది స్క్రూలు ఉండాల్సిన మూతకు రెండే ఉన్నాయి. ఎవరో తీసి లోపలికి చూసి, హడావిడిగా పెట్టేసినట్టు. వేలితో నెడితే పక్కకు జరిగింది.

ఫోను లైటు లోపలికి కొట్టాను.

లోపల రెక్క ఇనుము, ఒంటి ఇనుము ఒకదానికొకటి అదుముకుని ఉన్నాయి. రెండింటినీ కలుపుతూ బొటనవేలంత లావు బోల్టు. ఆ బోల్టు చుట్టూ, రెండు ఇనుముల సందులోంచి, నారింజ రంగు ముద్ద ఒకటి పిండినట్టు బయటికి వచ్చి ఉంది.

వేలు పెట్టి గీరాను. జిడ్డు. ముక్కు దగ్గర పెట్టుకున్నాను. నువ్వుల నూనె వాసన.

గద్వాల మనిషికి ఇంకొకరు చెప్పనక్కర్లేదు. నా స్కూటరు కొన్నరోజు మా నాన్న దాన్ని బీచుపల్లికి తోలుకుపోయి, ఆంజనేయస్వామి ముందు నిలబెట్టి, ఇదే సిందూరం హెడ్‌లైటుకు పూయించాడు. హైవే మీద పోయే లారీవాడైనా, ట్రాక్టరువాడైనా అక్కడ ఆగకుండా పోడు. కానీ వాళ్లు పెట్టేది బండి నుదుటికి. ఇక్కడ రెండు ఇనుముల మధ్యన ఉంది.

"ఏంటిది?" అని అఖిలేష్‌కు వేలు చూపించాను.

"గ్రీజు."

"గ్రీజు ఈ రంగులో ఉంటుందా?"

"తుప్పు పట్టకుండా పూసే మందు."

"నువ్వుల నూనెతో కలిపిన మందా? ఏ దేశం నుంచి తెప్పించారు?"

అతను జవాబు వెతుక్కునేలోగా వెనక నుంచి ఇంకో గొంతు వచ్చింది.

"ఏంది జయమ్మా, విమానం కింద దూరినవ్? మెకానిక్ పని గిట మొదలువెట్టినవా?"

కురుమూర్తి. సీఐగా రిటైరై, నాగర్‌కర్నూల్‌లో డిటెక్టివ్ ఏజెన్సీ బోర్డు పెట్టుకున్నాడు. ఏడాదిలో రెండు కేసులు నా చేతిలోంచి లాక్కున్నాడు, ఒకటి నేను లాక్కున్నాను. నల్లరంగు వేసిన మీసం, ఇస్త్రీ నలగని తెల్లచొక్కా. ఆ మీసం చూస్తే చాలు, నాకు అరికాలి మంట నెత్తికెక్కుతుంది.

"మీరు ఇక్కడికెందుకొచ్చారు సార్?"

"నా క్లయింటు అఖిలేష్. పెట్టె వెతుకమన్నడు, వెతికిన. పొద్దుగాలనే తెచ్చిచ్చిన. అగో, బిగించిండ్రు గూడ." కాక్‌పిట్ వైపు గడ్డం ఎత్తి చూపించాడు. "యాడ దొరికిందో అడుగవా?"

"చెప్పకుండా ఉండలేరుగా, చెప్పండి."

"వాని తల్లి బాలమ్మ ఇంట్ల. జొన్నల డబ్బాల. నువ్వు వాని పెండ్లాం కన్నీళ్లు తుడుసుకుంట కూసున్నవ్, నేను డబ్బా బోర్లించిన."

మండింది. మండినా బుర్ర పనిచేస్తూనే ఉంది.

"కురుమూర్తి సార్, ఎనిమిదేళ్లు విమానాల మధ్య బతికినవాడు. ఆ పెట్టెను ఎక్కడ అమ్మాలో వాడికి తెలీదా? అమ్మాలనుకున్నవాడు తల్లి ఇంట్లో జొన్నల్లో మూడు రోజులు పెట్టుకుంటాడా?"

"దొంగ బుద్ధి గట్లనే ఉంటది."

"దొంగ ముందు అమ్ముతాడు, తర్వాత దాక్కుంటాడు. వీడు దాచాడంతే. ఎందుకు దాచాడు?"

"నీకు ప్రశ్నలడుగుడు మస్తు అస్తది. దొరకవట్టుడు రాదు."

"మనిషి ఏడి?"

మీసం దువ్వుకున్నాడు. "నీ కేసు అయిపోయింది. గంట ఆగు, రేఖకే తెలుస్తది. ఇంక మాట్లాడొద్దని నా క్లయింటు చెప్పిండు."

గొప్పలకు పోతున్నాడనుకున్నాను. వేలు తీసి అతని ముక్కు కింద పెట్టాను.

"ఇది వాసన చూడండి. ఎక్కడిది?"

"బీచుపల్లి సిందూరం. పొద్దుగాల పూజారి పెట్టుంటడు."

"రెక్కకీ ఒంటికీ మధ్యలోనా? పూజారి చెయ్యి ఇనుములోంచి దూరిందా? రెక్క లేనప్పుడు పూస్తే తప్ప అక్కడికి బొట్టు పోదు. ఈ విమానం ఎగిరి రాలేదు. రెక్కలు విప్పి ట్రైలర్ మీద రోడ్డున తెచ్చారు. దారిలో బీచుపల్లిలో ఆపారు."

కురుమూర్తి ముఖంలో నవ్వు ఒక్క క్షణం ఆగింది. అఖిలేష్ వైపు చూశాడు. అఖిలేష్ గడియారం వైపు చూశాడు. ఇంతలో బయట కారు హారన్ మోగింది.

"అమ్మగారొచ్చారు! విమానం బయటికి తీయండి! మేడం, మీ టైం అయిపోయింది, బయట నిలబడండి," అన్నాడు అఖిలేష్. వాచ్‌మన్ నా మోచెయ్యి పట్టుకోబోయాడు. ముట్టుకుంటే ఏమవుతుందో నా చూపులో చదువుకుని వెనక్కి తగ్గాడు.

షెడ్డు ముందు ధనలక్ష్మి చుట్టూ ముప్పైమంది. పూజారి, గుమ్మడికాయ, చక్రాల కింద నిమ్మకాయలు, ఫోటోలు. అమ్మా ఒక్క మాట, అని రెండుసార్లు అరిచాను. ఆవిడ నవ్వి, ఆగమన్నట్టు చెయ్యి చూపించి, హారతి కళ్లకు అద్దుకుంది. పైగా నా దగ్గర ఉన్నదేమిటి? మోసం జరిగిందనడానికి వేలి మీద మరక. మోసం సంగతి కోర్టుల్లో తేలుతుంది. స్టీఫెన్ ఎందుకు పారిపోయాడో మాత్రం ఆ మరక చెప్పలేదు. దెబ్బతిన్నదాన్ని మంచిదని అమ్మడం ఇష్టంలేకపోతే పని మానేసి ఇంటికి పోతాడు. పెట్టె ఎందుకు తీశాడు?

తిక్క తిక్కగా షెడ్డు వెనక్కి నడిచాను. అక్కడ నల్లా దగ్గర ఒక పెద్దమ్మ తుడుపు గుడ్డలు ఉతుకుతోంది. వేలు కడుక్కుందామని నల్లా కింద పెట్టబోయాను.

"అయ్యో, కడుగకు బిడ్డా! సామి సిందూరం. నొసట వెట్టుకో." ఆమె గబుక్కున నా మణికట్టు పట్టుకుంది. పట్టుకున్నాక, ఆ సిందూరం నాకెక్కడ దొరికిందో ఆమెకు తట్టినట్టుంది. చెయ్యి వదిలేసింది. మొహం పాలిపోయింది.

ఆమె చెప్పినట్టే నుదుట పెట్టుకున్నాను. తర్వాత పక్కన గొంతుక్కూర్చున్నాను.

"నీ పేరేంటమ్మా?"

"ఈరమ్మ."

"ఈరమ్మా, దీన్ని కడగొద్దని స్టీఫెన్‌కి కూడా చెప్పావా?"

గుడ్డ బకెట్లో జారిపోయింది.

"నాకేం తెల్వదు బిడ్డా. నేను ఊడ్చేదాన్ని, తుడిచేదాన్ని."

"వాడికి రెండేళ్ల పిల్ల ఉంది. మూడు రోజులుగా నాన్న ఏడి అని అడుగుతోందట. నేను పోలీసును కాదు. నీ పేరు ఎక్కడా చెప్పను."

 ఆమె నల్లా కట్టేసి, ముందుకు వంగి, గొంతు తగ్గించి చెప్పింది.

"మంగళారం తెల్లారంగ లారీల మీద తెచ్చిండ్రు. ఒక లారీల ఒళ్లు, ఇంకో లారీల రెక్కలు. లారోళ్లు మంగళారం నాడు సామి ముందలికెళ్లి ఒట్టిగ పోతరా? భుజాలకు, అదే రెక్కలు తగిలిచ్చే జాగల, దండిగ సిందూరం వెట్టిచ్చుకొచ్చిండ్రు. మంచిదే గదా అనుకున్నం. స్టీఫెన్ చూసిండు. ఈ జాగల నూనె తడి ఉంటే బోల్టు పట్టు దొరకదు, పూర తుడువాలె అన్నడు. నన్ను తుడువమన్నడు. నేను తుడుస్తనా బిడ్డా? కండ్లు పోవా? రెక్కలు బిగించనీకి వచ్చిన బెంగళూరోళ్లకు చెప్పిండు. వాళ్లు 'బేడ, బేడ', వద్దు వద్దు అనుకుంట రెండు చేతులు ఊపి దూరం జరిగిండ్రు."

"స్టీఫెనే తుడవచ్చుగా?"

"గుడ్డ పట్టుకొని నిలవడ్డడు పాపం. నిలవడి మళ్ల కింద వెట్టిండు. 'పెద్దమ్మా, నేను చర్చికి పొయ్యేటోన్ని. నేను తుడిస్తే సామిని తుడిచేసిండంటరు, ఊర్ల లొల్లయితది. రేపు అయ్యగారిని పిలిపిద్దాం, ఆయనతోనే తీపిద్దాం' అన్నడు. గంతల్నే అఖిలేష్ సారొచ్చిండు. ఆగమాగం చేసిండు. దేవుని బొట్టే గదా, ఉంటే మంచిదే, బిగించుండ్రి అన్నడు. బిగించేసిండ్రు."

 సిందూరం తప్పు కాదు. భక్తి తప్పు కాదు. ఈరమ్మ తప్పు అసలే కాదు. ఎవరి మనసూ నొప్పించకూడదని స్టీఫెన్ ఒక్కరోజు ఆగుదామనుకున్నాడు. ఆ ఒక్కరోజు వాడికి ఇవ్వలేదు.

"తర్వాత?"

"ఆ యెన్క నాలుగు దినాలు అన్నం తినలే. చిన్న మూత తీసి లోపల చూసుడు, మళ్ల సారు తానికి పోవుడు. ఆ బోల్టు వదులైతది సారూ, రెక్క మళ్ల విప్పాలె అంటడు. సారు తిడుతడు. విప్పితే అమ్మగారికి అంతా తెల్సిపోతది, ముహూర్తం పోతది అంటడు. ఆఖరుకు స్టీఫెన్ నా తానికొచ్చి, 'పెద్దమ్మా, ఇది లేవకుంట చేస్త. నాకు గదొక్కటే దారి' అన్నడు. మళ్ల కనవడలే."

పెట్టె అమ్మడానికి తీయలేదు. విమానాన్ని నేల మీదే ఉంచడానికి తీశాడు. మూఢం వచ్చేస్తే ధనలక్ష్మి తనంతట తానే ఆగిపోతుంది, ఈలోగా ఎలాగో ఆమెకు చెప్పుకోవచ్చనుకున్నాడు. అందుకే తల్లి ఇంట్లో, జొన్నల్లో, చెక్కు చెదరకుండా దాచాడు.

ఆ పెట్టెను పొద్దున్నే తెచ్చి బిగించారు.

పరుగెత్తాను. షెడ్డు మలుపు తిరిగేసరికి పూజ అయిపోయింది. చితికిన నిమ్మకాయలు, పగిలిన గుమ్మడికాయ. విమానం లేదు. అల్లంత దూరంలో, రన్‌వే చివర, తెల్లగా నిలబడి ఉంది. ఇంజన్ల హోరు మొదలైంది. కురుమూర్తి తన జీపుకు ఆనుకుని, విస్తరాకులో పులిహోర తింటున్నాడు.

"సార్! ఆపించండి! ఆ పెట్టె తీసింది విమానం లేవకుండా! రెక్క బోల్టు నిలబడదు!"

అతని చెయ్యి నోటిదాకా వెళ్లి ఆగింది.

"ఏమన్నవ్?"

"రెక్క నిలబడదు. స్టీఫెన్ నాలుగు రోజులు అదే మొత్తుకున్నాడు. ఎవరూ వినలేదు."

విస్తరాకు కింద పడింది. కురుమూర్తిని నేను కోపంగా చూశాను, పొగరుగా చూశాను. భయపడగా చూడటం అదే మొదటిసారి.

"జీపుల గూడ అదే అన్నడు జయమ్మా," అన్నాడు మెల్లగా. "వడ్డేపల్లి నుంచి ఈడిదాకా తొవ్వ పొంటి ఒకటే పాట. రెక్క నిలువదు సారూ, రెక్క నిలువదు సారూ అని. దొరికిన దొంగలు అందరు ఏదో ఒకటి చెప్తరు గదా అనుకున్న."

"జీపులోనా? మనిషి కూడా దొరికాడా?"

"పెట్టెతోనే దొరికిండు. తల్లి ఇంట్లనే ఉండె. ఇద్దరిని ఒక్కసారే అప్పజెప్పిన."

బయట గొళ్లెం పెట్టిన గది కళ్లముందుకొచ్చింది. గోడకు అవతలే ఉన్నాడు. నేను ఇవతల కూర్చుని వాట్సాప్ వీడియోల గురించి తెలివిగా మాట్లాడుతున్నాను.

"ఇప్పుడెక్కడున్నాడు సార్?"

 కురుమూర్తి రన్‌వే వైపు చూశాడు.

"బెంగళూరుల కేసు వెట్టిండ్రట. అక్కడి పోలీసులకు అప్పజెప్తమని... దొంగోడు చెప్పేది ఇనొద్దని పైలట్లకు, అమ్మగారికి జెప్పి, విమానంలనే ఎక్కియ్యమన్నరు."

అప్పుడు చూశాను. షెడ్డు నీడలో, ఫోను చెవి దగ్గర పెట్టుకుని, విమానం వైపు కన్నార్పకుండా చూస్తూ అఖిలేష్ నిలబడి ఉన్నాడు.

"మీరెక్కలేదే?" అన్నాను.

ఉలిక్కిపడ్డాడు. "అర్జెంటు పని తగిలింది మేడం. సాయంత్రం కారులో పోతా."

"గంట కిందట ఆ విమానంలో మీరే గ్యారంటీ కదా!"

కురుమూర్తి నన్ను దాటుకుని వెళ్లి అతని కాలరు పట్టుకుని గోడకు అదిమాడు. ఇస్త్రీ చొక్కా, మీసం, రిటైరైన వయసు ఏవీ అడ్డం రాలేదు.

"నాకేం జెప్పినవ్ రా? నేను గూడ ఎక్కుతున్న సారూ, భయమేంది అంటివి గదరా! ఎందుకు ఎక్కలే? చెప్పు!"

"ఇడువుండ్రి సార్... ఏం కాదు సార్... ఒక్క ట్రిప్పుకు ఏం కాదు!"

ఆ మాట నోరు దాటాక దాన్ని వెనక్కి తీసుకోవాలన్నట్టు పెదవులు బిగించాడు. ఆలస్యమైంది. నేనూ విన్నాను, కురుమూర్తీ విన్నాడు. వీడికి అంతా తెలుసు. తెలిసి ధనలక్ష్మిని ఎక్కించాడు, ఇద్దరు పైలట్లను ఎక్కించాడు, నిజం చెప్పిన ఒక్కడినీ వాళ్లతో పాటే ఎక్కించాడు. తను మాత్రం దిగిపోయాడు.

"పైలట్‌కి ఫోన్ చెయ్!" అని అరిచాను.

"చేస్తనే ఉన్న... ఎత్తుత లేడు..."

కురుమూర్తి అప్పటికే జీపులో ఉన్నాడు. పక్క సీట్లోకి దూకాను. తలుపు వేసుకునే వ్యవధి లేదు. రన్‌వే మీదికి ఎక్కి, హారన్ మీద నుంచి చెయ్యి తీయకుండా, ఎదురుగా వస్తున్న విమానం వైపే తోలాడు. నేను సగం బయటికి వాలి కొంగు విప్పి ఊపుతున్నాను. ముక్కు పైకి లేచింది. చక్రాలు లేచాయి. మా నెత్తి మీదుగా, చెవులు పగిలే హోరుతో, తెల్ల కడుపు చూపిస్తూ వెళ్లిపోయింది.

కురుమూర్తి బ్రేకు తొక్కి స్టీరింగ్ మీద తల ఆనించాడు. "నేనే ఎక్కిచ్చిన," అన్నాడు. "బేడీలు గూడ నేనే ఏసిన."

నా ఫోను మోగింది. రేఖ.

"అక్కా! దొరికిండక్కా! మా ఆయన ఫోన్ చేసిండు!" గొంతులో సంతోషం పొంగిపోతోంది. "నీ పుణ్యమక్కా. ఇన్ని దినాలు అత్త ఇంట్లనే దాక్కున్నడంట, అత్త నాకు గూడ చెప్పలే. విమానంల కూసున్నడంట! మన ఊరి మీదికెళ్లే పోతదంట. పిల్లనెత్తుకొని మిద్దె మీద నిలవడు, జర చూస్త అన్నడు. ఏడుస్తుండక్కా. దొరికినందుకు గావచ్చు."

"రేఖా, ఏ నంబరు నుంచి చేశాడు?"

"ఏందో కొత్త నంబరు. పైలట్ సారు ఫోనంట. బతిలాడి అడుక్కున్నడంట."

"చదువమ్మా. తొందరగా."

ఆమె ఒక్కో అంకె చదువుతుంటే నేను గట్టిగా పలికాను. కురుమూర్తి తన ఫోనులో కొట్టి స్పీకర్ పెట్టాడు. ఒక అంకె తప్పు పడింది, మళ్లీ కొట్టాడు. మీరు ప్రయత్నిస్తున్న నంబరు స్విచాఫ్ చేయబడి ఉంది, అంది అందులోని ఆడగొంతు. కురుమూర్తి మళ్లీ కొట్టాడు. మళ్లీ అదే గొంతు.

విమానం ఎడమ రెక్క వంచి దక్షిణం వైపు తిరుగుతోంది. ఎండకు ఆ రెక్క ఒక్కసారి తళుక్కుమంది. దాని మొదట్లో, రెండు ఇనుముల మధ్య, మేమందరం దండం పెట్టుకునే స్వామి బొట్టు ఉంది. నా నుదుట కూడా అదే ఉంది.

"అక్కా, ఇంటున్నవా?" రేఖ పిలుస్తోంది. వెనకాల పిల్ల కేరింతలు వినబడుతున్నాయి. "మేం మిద్దె ఎక్కినం. బాలమ్మత్త గూడ ఎక్కింది. ఇంకెంతసేపైతది అక్కా, మా ఊరి మీదికి రానికి?"